బాలింత జుట్టు మూడో నెలలోనే ఎందుకు ఊడుతుంది?

బిడ్డ నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడడం మొదలవుతుందని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. బిడ్డ అమ్మ ముఖం గుర్తుపట్టినప్పటి నుంచీ అని ఇంకొందరి మాట. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు ఒకసారి లెక్క చూడండి. పసిబిడ్డ ఎదుటి మనిషిని చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. మూడో నెలకల్లా ఊ కొడుతుంది, అమ్మ వైపు తల తిప్పుతుంది. బాలింతకు జుట్టు రాలడం ఎక్కువయ్యేది కూడా రెండు నుంచి నాలుగు నెలల మధ్యే. తేదీలు ఇంచుమించు కలిశాయి. అంటే ఎన్నో కాన్పులు చూసిన ఆడవాళ్ల పరిశీలనలో తప్పు లేదు. కారణం మాత్రం బిడ్డ నవ్వులో లేదు.

నిజానికి ఈ మాట వెనకాల మంచి చిక్కుప్రశ్న ఒకటి ఉంది. నొప్పులు పడ్డది కాన్పు రోజున. రక్తం పోయింది ఆ రోజే. ఆపరేషన్ అయితే కుట్ల బాధ, కంటిమీద కునుకు లేని రాత్రులు అన్నీ మొదటి నెలలోనే. ఒళ్లు అంత గుల్లయినా జుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. తీరా కుట్లు మాని, బిడ్డ కాస్త నిద్ర కుదురుకుని, తల్లి తెరిపినపడి అద్దం ముందు నిలబడే వేళకు దువ్వెన నిండా వెంట్రుకలు! తలస్నానం చేస్తే జాలీ మూసుకుపోయేంత. దిండు మీద, చీర మీద, బిడ్డ గుప్పిట్లో, చివరికి అన్నంలో కూడా. కష్టం గడిచాక ఊడడమేమిటి?

ఈ ఆలస్యం అర్థమైతే తక్కినదంతా అర్థమవుతుంది. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కూడా తెలిసిపోతుంది. అందుకే ముందు దాని దగ్గరే కాసేపు ఆగుదాం.

కుదురులో జరిగేది

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతిదీ చర్మం లోపలున్న ఒక కుదురులోంచి మొలుస్తుంది. కుదురు అడుగున కణాలు చకచకా విభజన చెందుతూ, కెరటిన్ అనే ప్రొటీన్‌ను నింపుకుని, గట్టిపడి, ఒకదాన్నొకటి పైకి నెట్టుకుంటూ వస్తాయి. మనం దువ్వుకునేది ఆ గట్టిపడిన కణాలనే. ఈ పని ఆగకుండా సాగితే నెలకు ఒక సెంటీమీటరు దాకా జుట్టు పెరుగుతుంది.

కానీ ఏ కుదురూ జీవితాంతం ఆగకుండా పనిచేయదు. రెండు నుంచి ఆరేళ్ల పాటు వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుపోతుంది. ఆ పైన దాదాపు మూడు నెలలు విశ్రాంతి. ఈ మూడు నెలలూ వెంట్రుక పెరగదు, అలాగని ఊడిపోదు. పైకి చూస్తే పక్కనున్న వాటికీ దీనికీ తేడా తెలియదు. దాని పెరుగుదల అయిపోయిన సంగతి కుదురుకు మాత్రమే ఎరుక. విశ్రాంతి ముగిశాక అదే కుదురులో కొత్త వెంట్రుక మొదలవుతుంది, పాతది రాలిపోతుంది.

ఎలుకల్లో ఈ దశలు ఒళ్లంతా అలలు అలలుగా సాగుతాయి. కొన్ని జాతుల గొర్రెలు, కుక్కలు రుతువును బట్టి బొచ్చు రాలుస్తాయి. మనిషి తల మీద అలా కాదు, ఏ కుదురు లెక్క దానిదే. ఏ రోజు చూసినా నూటికి ఎనభై అయిదు నుంచి తొంభై కుదుళ్లు పెంచే పనిలో ఉంటాయి, పది పదిహేను విశ్రాంతిలో ఉంటాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. రోజూ కొన్ని పోతాయి, రోజూ కొన్ని వస్తాయి కనుక మన కంట పడదు.

పొడిగించిన సర్వీసు

ఒక పెద్ద ప్రభుత్వ శాఖను ఊహించుకోండి. నెలనెలా కొందరు రిటైరవుతుంటారు, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు చేరుతుంటారు. ఏ నెలలోనూ ఆఫీసు బోసిపోదు. ఇంతలో ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు పెంచింది. దిగిపోవాల్సినవాళ్లు సీట్లలోనే ఉండిపోయారు, ఆఫీసు కిటకిటలాడుతోంది. కొన్నాళ్లకు ఆ పెంపును రద్దు చేశారనుకోండి. ఇన్నాళ్లూ ఆగినవాళ్లంతా ఒకే విడతలో ఇంటిదారి పట్టాల్సిందే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు వేలమంది ఒక్కసారిగా దిగిపోవలసి వచ్చింది. ఆ రోజులు ఎరిగినవాళ్లకు ఖాళీ అయిన సీట్లు గుర్తుండే ఉంటాయి.

గర్భిణి తల మీద జరిగేది ఇదే. నెలలు నిండుతున్నకొద్దీ మాయ నుంచి ఈస్ట్రోజన్ హార్మోను ఎంతో ఎక్కువగా విడుదలవుతుంది. దాని ప్రభావంతో కుదుళ్లు పెరుగుదల దశలోనే కొనసాగుతాయి. విశ్రాంతిలోకి పోవాల్సిన వెంట్రుకలకు సర్వీసు పొడిగింపు దొరికినట్టే. కడుపుతో ఉన్నప్పుడు జడ ఒత్తుగా, నిగనిగలాడుతూ ఉండేది ఇందువల్లే. కొత్త వెంట్రుకలు ఎక్కువగా మొలవలేదు, పాతవి దిగిపోలేదు, అంతే. ఈ మార్పును లిన్‌ఫీల్డ్ అనే చర్మవైద్యురాలు 1960లోనే నమోదు చేశారు. గర్భం చివరి నెలల్లో పెరిగే దశలో ఉన్న వెంట్రుకల వాటా పెరుగుతుందనీ, కాన్పు తర్వాత విశ్రాంతి దశ వాటా పెరుగుతుందనీ ఆమె పరిశీలనలో తేలింది.

కాన్పుతో పాటు మాయ బయటికి వచ్చేస్తుంది. ఈస్ట్రోజన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. పొడిగింపు రద్దయింది. నెలల తరబడి ఆగిపోయిన వెంట్రుకలన్నీ ఇంచుమించు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్తాయి. కానీ విశ్రాంతి అంటే రాలడం కాదు కదా! ఎవరికైనా మూడు నెలల నోటీసు ఉంది. కాన్పు నాడు నోటీసు అందుకున్న వెంట్రుకలు ఇంకో మూడు నెలలు తల మీదే ఉంటాయి. బిడ్డ నవ్వు నేర్చేది ఆ నోటీసు గడువులోనే.

ఇంకొక్క మాట చెప్పి ఈ పోలికను వదిలేస్తాను. మనుషులు దిగిపోయారు కానీ పోస్టులు రద్దు కాలేదు. వెంట్రుక ఊడినా కుదురు చర్మంలో భద్రంగా ఉంది. మళ్లీ మొలిపించే మూలకణాలు కుదురు పక్కన ఒక చిన్న ఉబ్బులో ఉంటాయని కోట్సారెలిస్, సన్, లావ్కర్ అనే శాస్త్రవేత్తలు 1990లో ఎలుకల చర్మంలో కనుగొన్నారు. రాలే వెంట్రుకతో పాటు ఆ కణాలు పోవు.

———
లెక్కలో చూస్తే

తల మీద లక్ష వెంట్రుకలు, వాటిలో పది శాతం విశ్రాంతిలో ఉన్నాయనుకుందాం. అంటే పది వేలు. ఇవి సుమారు వంద రోజుల్లో రాలాలి కనుక రోజుకు వంద.

కాన్పు తర్వాత విశ్రాంతి వాటా ముప్పై శాతానికి చేరిందనుకుందాం. ముప్పై వేలు, వంద రోజులు, అంటే రోజుకు మూడు వందలు. రెండు రోజులకోసారి తలస్నానం చేస్తే ఒక్క స్నానానికే ఆరు వందలు చేతికి రావచ్చు. ఆ ఉండ చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయినా డెబ్భై వేల వెంట్రుకలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. ఈ కారణంతో ఎవరికీ తల పూర్తిగా బోడి కాదు.
———

టైఫాయిడ్ జుట్టు, కోవిడ్ జుట్టు

ఈ ఆలస్యం బాలింతలకే ప్రత్యేకం కాదు. టైఫాయిడ్ వచ్చి తగ్గాక జుట్టు ఊడిపోతుందని మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. డెంగ్యూ తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, కడుపు మాడ్చుకుని బరువు తగ్గాక కూడా ఇంతే. కోవిడ్ నుంచి కోలుకున్న రెండు మూడు నెలలకు ఎంతోమంది ఇదే చూశారు. వీటన్నిటిలో జరిగేది ఒకటే. ఒంటికి పెద్ద కుదుపు తగిలితే చాలా కుదుళ్లు పని ఆపి విశ్రాంతిలోకి వెళ్తాయి, మూడు నెలలకు ఆ ఫలితం దువ్వెనలో కనిపిస్తుంది. అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీనికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టారు. ఇప్పటికీ డాక్టర్లు చీటీ మీద రాసేది ఆ పేరే. కాన్పులో రక్తం బాగా పోయినా, తర్వాత జ్వరం వచ్చినా ఈ కుదుపు హార్మోను కారణానికి తోడవుతుంది. అందుకే ఒకే ఇంట్లో అక్కకు ఒకలా, చెల్లికి ఒకలా ఊడుతుంది. ఒకే తల్లికి మొదటి కాన్పుకూ రెండో కాన్పుకూ కూడా తేడా ఉండొచ్చు.

బిడ్డ సంగతి కూడా చూడండి. పుట్టువెంట్రుకలు మొదటి నెలల్లో చాలావరకు రాలిపోతాయి, తల వెనకవైపు పక్కకు ఆనే చోట బోసిగా కనిపిస్తుంది. ఆ కుదుళ్లలో ఎన్నో పుట్టుక సమయంలో కలిసికట్టుగా విశ్రాంతిలోకి వెళ్లాయి. తల్లీబిడ్డల జుట్టు ఒకే కాలంలో రాలడం నాకు ఈ విషయమంతటిలోకీ అపురూపంగా తోచే సంగతి.

ఒక్క వెంట్రుకను దగ్గరగా

ఈసారి తల దువ్వుకున్నాక దువ్వెనలోంచి ఒక వెంట్రుక తీసి, నల్లటి గుడ్డ మీద పెట్టి, వెలుతురులో చూడండి. ఒక కొసన ఆవగింజలో పదో వంతైనా లేని తెల్లటి చిన్న ముడి ఉంటుంది. చాలామంది దాన్ని చూసి వేరుతో సహా ఊడి వచ్చిందని, ఇక అక్కడ మొలవదని హడలిపోతారు. అది వేరు కాదు. విశ్రాంతి దశలో వెంట్రుక అడుగు గట్టిపడి అలా గుండ్రబడుతుంది. ఆ తెల్ల ముడి కనిపించిందంటే వెంట్రుక తన వయసు ముగించుకుని తీరుబడిగా దిగిందని అర్థం. ముడి లేకుండా రెండు కొసలూ తెగినట్టుంటే అది విరిగిన వెంట్రుక. దానికి కారణం కుదురులో ఉండదు, గట్టిగా దువ్వడమో ఇస్త్రీ చేసినట్టు వేడి పెట్టడమో అయి ఉంటుంది.

ఐదో నెల, ఆరో నెల దాటాక నుదుటి అంచున, కణతల దగ్గర చూడండి. పొట్టి పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడి ఉంటాయి, ఎంత నూనె రాసినా అణగవు. వీటిని చూసి, జుట్టు మధ్యలో తెగిపోతోందని కూడా అనుకుంటారు. కొస సన్నగా మొనదేలి ఉందేమో చూసుకోండి. మొనదేలి ఉంటే అది కొత్తగా మొలిచినదే, ఇంతవరకూ ఎవరూ కత్తిరించనిది.

నింద ఎవరిది, మెప్పు ఎవరిది

ఈ రోజు రాలిన వెంట్రుకకు నోటీసు అందింది సుమారు మూడు నెలల కిందట. కనుక నిన్న మార్చిన షాంపూ, మొన్న తాగిన బోరు నీళ్లు, పోయిన వారం వేయని సాంబ్రాణి ఈ రోజు ఊడిన జుట్టుకు కారణం కాలేవు. నేను ఈ వ్యాసం రాయడానికి పెద్ద కారణం ఇదే. మన ఇళ్లలో బాలింత జుట్టు ఊడితే ఏదో ఒక తప్పు వెతుకుతారు. కుంకుడుకాయ మానేసిందని పుట్టింటివాళ్లు, పథ్యం సరిగా చేయించలేదని అత్తింటివాళ్లు, ఫోన్ చూస్తూ నిద్ర పాడుచేసుకుందని అందరూ. అప్పటికే అలసిపోయిన మనిషి, రాలే ప్రతి పోగుకూ తానే కారణమని నమ్ముతుంది. ఆమె చేసిన తప్పేమీ లేదు. మాయ బయటికి రావడం తప్పు కాదు కదా.

పాలివ్వడం మానేస్తే జుట్టు నిలుస్తుందనే సలహా వీటన్నిటిలోకీ హానికరమైనది. పాలివ్వని తల్లులకు కూడా జుట్టు ఊడుతుంది. విశ్రాంతిలోకి వెళ్లిపోయిన వెంట్రుక పాలు మాన్పించినంత మాత్రాన తిరిగి పెరుగుదల దశలోకి రాదు. బిడ్డ మాత్రం పాలు కోల్పోతుంది.

నింద ఎలాగో, మెప్పు కూడా అలాగే తప్పుదోవ పడుతుంది. రాలడం నాలుగో నెల ప్రాంతంలో బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ, ఆరు నుంచి పన్నెండు నెలల్లో చాలామందికి మామూలు స్థితికి వస్తుంది. బాగా భయపడి నూనెలు, సీరమ్‌లు, మాత్రలు కొనేది ఎప్పుడు? అత్యధికంగా రాలుతున్న నాలుగో నెలలో. అక్కడి నుంచి ఎలాగూ తగ్గాల్సిందే. ఆ సమయంలో ఏది వాడినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ముందు రెండు నూనెలు పనిచేయలేదని పారేసి మూడోది పట్టుకున్న తల్లి, ఆ మూడోదే అద్భుతమని నలుగురికీ చెబుతుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ నూనె వాడని పక్కింటి తల్లికి కూడా అదే నెలలో ఆగింది. బాలింతల కోసమని ప్రత్యేకంగా అమ్మే ఖరీదైన సీసాల వ్యాపారం చాలావరకు ఈ కాలం లెక్క మీదే నడుస్తోంది. ఆ డబ్బు గుడ్లకు, పాలకు, పండ్లకు పెట్టమని నేను ప్రాధేయపడతాను.

మరి నూనె రాసుకోకూడదా? రాసుకోండి. కొబ్బరినూనె వెంట్రుక పోగు లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుందని 2003లో ముంబయి పరిశోధకులు రేలే, మోహిలే ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అంటే చిక్కు, విరగడం తగ్గుతాయి. అమ్మ చేత్తో తల మర్దనా చేయించుకుంటే కలిగే హాయి దేనితోనూ తూగదు. అయితే అది పోగుకు మేలు చేస్తుంది, కుదురు గడియారాన్ని మార్చదు. సాంబ్రాణి పొగ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: ఆరబెట్టుకోవడానికి ఎండా గాలీ చాలు, మూసిన గదిలో ఆ పొగ పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు.

జుట్టు ఊడుతోందని తలస్నానం వాయిదా వేసేవాళ్లు చాలామంది. వారం ఆగితే ఆ వారంలో రాలాల్సినవన్నీ చిక్కుల్లో ఇరుక్కుని ఒక్కసారే బయటపడతాయి, భయం రెట్టింపవుతుంది. రాలేది ఎలాగూ రాలుతుంది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని కూడా ఆశ పెట్టుకోవద్దు. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, అది భక్తికి సంబంధించిన సంగతి. కత్తి చర్మం పైనున్న పోగును కోస్తుందే కానీ కుదురును తాకదు. గొరగడం వల్ల వెంట్రుకల మందం కానీ పెరిగే వేగం కానీ మారవని మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే చూపించారు. కోసిన కొస మొద్దుగా ఉండడం వల్ల చేతికి గరుకుగా తగిలి, ఒత్తుగా వచ్చినట్టు అనిపిస్తుంది.

కంచంలో ఏముంది?

హార్మోన్ల వల్ల రాలేదాన్ని తిండి ఆపలేదు. కానీ తిరిగి మొలవడానికి కావాల్సిన సరుకు తిండిలోంచే రావాలి. అక్కడే మన తల్లులు చాలామంది వెనకబడి ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం కంటే ఎక్కువమంది కాన్పుకు ముందే రక్తహీనతతో ఉన్నారన్నమాట. తొమ్మిది నెలల్లో బిడ్డ తన వాటా ఇనుము తీసుకుంటుంది, కాన్పులో రక్తం పోతుంది. కుదురు కణాలు ఒంట్లోకెల్లా వేగంగా విభజన చెందే కణాల్లో కొన్ని. ఇనుము తక్కువైతే శరీరం ముందు రక్తం తయారీకి సర్దుతుంది, జుట్టు సంగతి తర్వాతే చూస్తుంది. రాలడం ఏడాది దాటినా ఆగకపోవడానికి తరచు కనిపించే కారణాల్లో ఇది ఒకటి.

గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కాన్పుతో ఆగిపోకూడదు. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలనేది జాతీయ కార్యక్రమంలో ఉన్న మాట. ఏఎన్ఎంను కానీ ఆశా కార్యకర్తను కానీ అడిగితే ఇస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక డబ్బాలో మిగిలిపోయే మాత్రలే ఎక్కువ. కాఫీ, టీలతో కానీ కాల్షియం మాత్రతో కానీ కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ పిండుకున్న అన్నం, జామకాయ, బత్తాయి వంటివి తోడైతే బాగా పడుతుంది.

ప్రొటీన్ రెండో లోటు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకు సుమారు 17 గ్రాములు అదనంగా కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన సిఫారసుల్లో ఉంది. రెండు గుడ్లు, ఒక కప్పు పప్పు కలిస్తే ఇంచుమించు సరిపోతుంది. ఇక్కడ మన పథ్యాన్ని రెండు కళ్లతో చూడాలి. తెలగపిండి, మునగాకు కలిపి వండిపెట్టడం, కోస్తాలో సొరపుట్టు తినిపించడం ఎంతో తెలివైన పద్ధతులు. నువ్వుల చెక్కలో ప్రొటీన్ దండిగా ఉంటుంది, సొరచేపలో కూడా. కానీ కొన్ని ఇళ్లలో నెలల తరబడి పప్పు వాతమని, గుడ్డు వేడని, ఆకుకూర బిడ్డకు విరేచనాలని, మంచినీళ్లు కూడా ఎక్కువ తాగకూడదని ఒక్కొక్కటే తీసేస్తూ చివరికి కారప్పొడి అన్నం, బీరకాయ కూర మిగులుస్తారు. ఇది తల్లికి తీరని అన్యాయం. బిడ్డకు పాలిచ్చే మనిషి కంచం ఇంట్లో అందరి కంచాలకంటే నిండుగా ఉండాలి.

బయోటిన్ మాత్రల గురించి ఒక హెచ్చరిక చేయాలి. పాలిచ్చే తల్లికి రోజుకు కావాల్సిన బయోటిన్ 35 మైక్రోగ్రాములు. జుట్టు కోసమని అమ్మే మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూడా ఉంటాయి. లోటు లేనివాళ్లకు దీంతో జుట్టు పెరుగుతుందనే గట్టి ఆధారం లేదు. పైపెచ్చు ఇంత మోతాదు రక్తంలో ఉంటే కొన్ని ల్యాబు పరీక్షలు తప్పుడు ఫలితం చూపిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరిక జారీచేసింది. థైరాయిడ్ పరీక్ష కూడా అలా తప్పు చూపించేవాటిలో ఒకటి. జుట్టు ఊడుతున్న బాలింతకు అన్నిటికంటే అవసరమయ్యే పరీక్ష సరిగ్గా అదే.

ఇది వేరే జబ్బా?

నూటికి ఐదు నుంచి పదిమంది తల్లులకు కాన్పయిన ఏడాదిలోపు థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. మొదట హార్మోను ఎక్కువై గుండెదడ, చెమటలు, చిరాకు. కొన్ని నెలలకు తక్కువై నీరసం, మలబద్ధకం, చలి, ముఖం ఉబ్బరింపు. జుట్టు కూడా రాలుతుంది. అలసట, చిరాకు ఏ బాలింతకైనా ఉండేవే కదా అని అందరూ సరిపెట్టుకుంటారు, అందుకే ఇది దొరక్కుండా తప్పించుకుంటుంది. టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోతుంది. బయోటిన్ వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, ఎన్నాళ్లు ఆపి రక్తం ఇవ్వాలో అడగాలి.

బాలింత జుట్టు తలంతా సమంగా పలచబడుతుంది, కణతల దగ్గర కాస్త ఎక్కువ తెలుస్తుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది మనవాళ్లు పేనుకొరుకుడు అనేది. పేనుకూ దానికీ సంబంధం లేదు, శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. పాపిట నెలనెలా వెడల్పవుతూ, రాలడం ఆగాక కూడా పూడకపోతే వంశపారంపర్యంగా వచ్చే పలచదనం కావచ్చు. కాన్పు దాన్ని తేలేదు, అప్పటిదాకా దాగి ఉన్నదాన్ని బయటపెట్టింది. మాడు మీద ఎర్రబడడం, పొలుసులు, మంట, నొప్పి ఉన్నా, బిడ్డ మొదటి పుట్టినరోజు దాటినా జుట్టు కోలుకోకపోయినా చర్మవైద్యులను కలవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా చూడమనండి. నిల్వలు అడుగంటినా హిమోగ్లోబిన్ కొన్నాళ్లు బాగానే కనిపించగలదు. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ లాంటి మందులను పాలిచ్చే రోజుల్లో దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు.

———
బిడ్డ కాలివేళ్లు చూశారా?

రాలిన వెంట్రుక పసిబిడ్డ కాలివేలికో చేతివేలికో చుట్టుకుని బిగుసుకోవచ్చు. అరుదే, కానీ ప్రమాదం. తడి వెంట్రుక ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుంది. రక్తం ఆడక వేలు వాచి, ఎర్రబడి, తర్వాత నల్లబడుతుంది. మగబిడ్డల జననాంగానికి చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. అమ్మ జుట్టు బాగా రాలే నెలల్లోనే ఈ ముప్పు ఎక్కువ.

పాలు పట్టినా ఎత్తుకున్నా బిడ్డ ఏడుపు ఆపకపోతే మేజోళ్లు తీసి ప్రతి వేలి సందూ వెలుతురులో చూడండి. మేజోళ్లు, చేతి తొడుగులు వేసే ముందు తిరగేసి దులపండి. వెంట్రుక కనిపించి తేలిగ్గా రాకపోతే, లేదా వాపులో కూరుకుపోతే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు తల్లి జుట్టు ముడి వేసుకుంటే చాలావరకు తప్పుతుంది.
———

తిరిగి వచ్చేదాకా

ముడి వేసుకోమన్నాను కానీ లాగి బిగించమనలేదు. నుదుటి నుంచి గట్టిగా లాగి కట్టే పోనీటైల్, బరువైన సవరం, రోజూ వేసే బిగుతు జడ బలహీనంగా ఉన్న కణతల దగ్గర ఇంకొంత ఊడదీస్తాయి. వదులుగా కట్టుకోవాలి. పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకోవాలి. పొట్టిగా కత్తిరించుకుంటే రాలే వెంట్రుకల సంఖ్య తగ్గదు. కానీ పోగులు చిన్నవి కనుక ఉండ చిన్నదవుతుంది, తలస్నానం త్వరగా ముగుస్తుంది, తల నిండుగా కనిపిస్తుంది. బిడ్డతో ఉక్కిరిబిక్కిరయ్యే రోజుల్లో అది చిన్న లాభమేమీ కాదు. ఇష్టమైతే కత్తిరించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం ఆశ కొలతగా పెట్టుకోవాలి. ఏడాదికి జుట్టు మళ్లీ నిండుగా వస్తుందంటే కుదుళ్లన్నీ పనిలో పడ్డాయని అర్థం, పాత జడ వచ్చేసిందని కాదు. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త వెంట్రుక ముప్పై సెంటీమీటర్లు పెరగడానికి రెండున్నరేళ్లు పడుతుంది. అప్పటిదాకా జడ పైన ఒత్తుగా, కింద ఎలుక తోకలా ఉంటుంది. అది రోగం కాదు, ఎదిగే వయసు.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది కూడా ఉంది. ఊడిన జుట్టు పట్టుకుని, ఎంత బావుండేదో నీ జడ అని ప్రతిసారీ అనకండి. ఆమె రోజూ అద్దంలో చూస్తూనే ఉంది. బిడ్డను ఒక గంట ఎత్తుకుంటే ఆమె తీరుబడిగా తలస్నానం చేసి, భోజనం చేసి, కాసేపు కన్ను మూస్తుంది. జుట్టు ఊడిందని మొదలైన దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, బిడ్డను చూసినా సంతోషం కలగకపోతే, చీటికీ మాటికీ కన్నీళ్లు వస్తుంటే, బతకాలనిపించడం లేదని ఆమె నోటి వెంట వస్తే దాన్ని జుట్టు దిగులని తేలిగ్గా తీసుకోకూడదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అది కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. టీకాలకు బిడ్డను తీసుకెళ్లినప్పుడు తల్లి గురించి కూడా అక్కడి డాక్టర్‌ను అడగండి. ఒక చీటీ మీద రాసుకు వెళ్లాల్సిన ప్రశ్నలు మూడు: ఆమెకు రక్తం ఎంత ఉంది, థైరాయిడ్ చూడాలా, ఐరన్ మాత్రలు ఇంకా ఎన్నాళ్లు.